వేళ్ల జాడ

పోయిన వారం శర్వాణిని తిరువూరు బస్టాండు ఎదుట, మేడ మెట్ల దగ్గర నిలబెట్టి వదిలేశాం. చేతిసంచీలో ఒక సీడీ ఉంది. పైన డీటీపీ సెంటర్లో, తనవల్ల చదువు పోగొట్టుకున్న పిల్ల కూర్చుని ఉంది. ఎక్కడానికి ధైర్యం చాలక, వెనక్కి పోవడానికి మనసొప్పక శర్వాణి అక్కడే తచ్చాడుతోంది.

ఇప్పుడే ఈ కథ పట్టుకున్నవాళ్లకి వెనక జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాలి. శర్వాణి ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. ఆమె తల్లి కమలాంబ అదే కాలేజీ ఆడపిల్లల హాస్టలుకి వార్డెను. ఒకరి పాస్‌వర్డుతో మరొకరు ల్యాబులో కూర్చుంటున్నారని శర్వాణి ఒక ప్రోగ్రాం రాసింది. అది పేరు అడగదు, వేళ్లని కనిపెడుతుంది. ఒక అక్షరం నొక్కాక ఇంకో అక్షరం నొక్కడానికి ఎవరికెంత ఎడం పడుతుందో కొలిచి, ఇది ఫలానా మనిషి చెయ్యి అని తేల్చేస్తుంది. అందరూ భేషన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకి హాస్టల్లో ఉండే జ్ఞానమణి అనే అమ్మాయి కామెర్లతో పోయింది. ఇంటి దగ్గర్నించే జబ్బుతో వచ్చిందన్నాడు కాలేజీ నడిపే కరస్పాండెంటు గిరిబాబు. కాదు, ఆస్పత్రికి పంపకుండా ఆపేశారని పేరు లేకుండా ఎవరో ఒక వెబ్‌సైట్లో రాశారు. రాసింది ల్యాబులోంచేనని తెలిసింది. "ఎవరో కనుక్కోండి మేడమ్, ఊరికే పిలిచి మాట్లాడతాం," అన్నాడు గిరిబాబు. శర్వాణి కనుక్కుంది. ఫైనలియర్ సౌజన్య అని చెప్పింది. పిలిచి మాట్లాడడం అంటే ఏమిటో ఆ సాయంత్రం, పెట్టెతో గేటు దాటుతున్న సౌజన్యని చూశాక గానీ ఆమెకి అర్థం కాలేదు.

ఇక కథలోకి వద్దాం.

విస్సన్నపేట బస్సు హారన్ కొడుతూ వెనక్కి తిరుగుతుంటే దారివ్వడానికని శర్వాణి ఒక మెట్టెక్కింది. ఎక్కాక మరి దిగలేదు.

షాపులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ నిండా పెళ్లి కార్డుల నమూనాలు. ఓనరు సరుకు తేవడానికి విజయవాడ వెళ్లాడట. సౌజన్య ఒక్కతే కూర్చుని ఎవరిదో దరఖాస్తు టైపు చేస్తోంది. అడుగుల చప్పుడికి తలెత్తి చూసింది. చూసి మళ్లీ తల తెర వైపు తిప్పుకుంది. వేళ్లు మాత్రం ఆగలేదు. ఆ పిల్ల కంప్యూటరు కంటే ముందు టైపు మిషను మీద లోయరు పరీక్ష పాసయింది. ఆ అలవాటు పోక, కీబోర్డుని కూడా గట్టిగా మోదుతుంది. మాట పూర్తయినప్పుడల్లా బొటనవేలు స్పేస్‌బార్ మీద ఒక్క రవ్వ ఎక్కువ ఆగుతుంది. ఈ సంగతులన్నీ శర్వాణికి అంకెలుగా తెలుసు. ఆ చేతి చప్పుడు చెవులతో వినడం ఇదే మొదలు.

"కూర్చోండి మేడమ్. ఏమన్నా టైపు చెయ్యాలా?"

"పని మీద రాలేదు సౌజన్యా."

"ఇక్కడికి అందరూ పని మీదే వస్తారండి."

ఆ మాటలో విసురు లేదు, మర్యాదా లేదు. శర్వాణి ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. కింద మామిడికాయల ఆటోవాడెవడో బేరం కోసం అరుస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"తోటలో ఉంటున్నారు. ఇంటికి భోజనానికి కూడా రావట్లేదు. క్యారేజీ పంపిస్తున్నాం." సౌజన్య ప్రింటు కమాండు ఇచ్చి, కాగితం బయటికొచ్చేదాకా చూసి, అప్పుడు ఇటు తిరిగింది. "ఆ రోజు కాలేజీకొచ్చి మెళ్లో కండువా తీసి కరస్పాండెంటు గారి బల్ల మీద పెట్టారు మేడమ్. పెనుగొలనులో మా నాన్న ఎవరికీ తలొంచినవాడు కాదు. కరస్పాండెంటు ఆ కండువా వంక కూడా చూడలేదు. టీసీ ఇవ్వనన్నాడు, పైగా పరువునష్టం కేసు పెడతానన్నాడు. ఆ కండువా నాన్న ఇంటికి తెచ్చుకోలేదు. అక్కడే వదిలేసి వచ్చారు."

"నీకు క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

"మీరెందుకండీ? కాలేజీలో అందరూ నోరు మూసుకున్నారు. మీరూ మూసుకున్నారు. అంతేగా?"

ఈ పిల్లకి ఇంకా తెలియదన్నమాట. తెలియకుండా ఉన్నంతసేపూ తను మంచి మేడమ్‌గానే మిగిలిపోవచ్చు. సారీ చెప్పి, సీడీ ఇచ్చి, కిందకి దిగిపోవచ్చు. ఆ ఆశ ఎంత తియ్యగా తగిలిందో, అంత రోత కూడా పుట్టింది శర్వాణికి.

"నీ పేరు చెప్పింది నేనే," అంది.

"మీరా? ఆ వేళ మీరు ల్యాబులో లేరు. నేను చూసుకునే కూర్చున్నాను. అందరూ వాడే లాగిన్‌తో వెళ్లాను. పేరు పెట్టలేదు. అయిపోయాక చూసిన పేజీల గుర్తులన్నీ చెరిపేసి మరీ లేచాను. మీకెలా తెలిసింది?" సౌజన్య గొంతు తగ్గించి అడిగింది. "అపూర్వ చెప్పిందా మీకు?"

"అపూర్వకేం సంబంధం?"

"నేను రాశానని దానికొక్కదానికే తెలుసు."

శర్వాణి మొత్తం చెప్పింది. లాగిన్ మార్చుకున్నా, పేరు దాచుకున్నా, మనిషి కూర్చుని నాలుగు వాక్యాలు కొడితే చాలు, వేళ్ల నడక మారదని. ఒక్కొక్కరికి ఒక్కొక్క నడక ఉంటుందని. ఆ నడకని ల్యాబులో ప్రతి కంప్యూటరూ రోజూ కొలుస్తూనే ఉండేదని. పిల్లలకి ఆ సంగతి చెప్పలేదని. చెబితే జాగ్రత్తపడతారని గిరిబాబు గారు వద్దన్నారని, అదీ నిజమేననిపించి తను ఊరుకుందని.

సౌజన్య ఇదంతా విన్నట్టు లేదు. "అయితే అపూర్వ చెప్పలేదా?" అని మళ్లీ అడిగింది.

"లేదమ్మా. ఎవరూ చెప్పలేదు."

సౌజన్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటి వంకే చూస్తూ కూర్చుంది.

"మొదటి సంవత్సరం నించీ ఒకే గది మేడమ్. ఒకే దుప్పటి కప్పుకుని చదువుకున్నాం. ఆ రోజు హాస్టలు గేటు దగ్గర అందరి ముందూ దాని మొహాన అన్నాను. నువ్వు అన్నం తింటున్నావా ఇంకేమన్నా తింటున్నావా అని. అది అలా నిలబడిపోయింది. ఒట్టేస్తానంటే చెయ్యి విదిలించాను. తర్వాత మా ఊరొచ్చింది. నేను తలుపు తియ్యలేదు. తోటలో నాన్న దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్లిందట." ఆమె గోడ మీది కార్డుల వంక చూపించింది. "పెళ్లయిపోయింది దానికి. కార్డు ఈ షాపులోనే వేయించారు వాళ్ల వాళ్లు. నేనే టైపు చేశాను. అపూర్వ అని కొట్టేటప్పుడు కూడా పళ్లు నూరుకుంటూ కొట్టాను. నన్ను పిలవలేదు. ఎలా పిలుస్తుంది?"

శర్వాణి అనుకున్న లెక్కలో ఇది లేదు. తను ఒక పిల్ల చదువు పాడుచేశాననుకుంది. ఆ తండ్రికి తలవంపులు తెచ్చాననుకుంది. రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు అంతవరకే లెక్క వేసుకునేది. ఒక పేరు నోటితో చెప్పేసి, ఎలా తెలిసిందో చెప్పకుండా దాచిపెడితే, ఆ అనుమానం ఊరికే గాల్లో ఉండదని, ఎవరో ఒకరి మీద వాలి తీరుతుందని ఆమెకి ఏనాడూ తట్టలేదు.

దరఖాస్తు కోసం ఒకాయన వచ్చాడు. సౌజన్య లేచి కాగితం ఇచ్చింది. ఆయన పేరులో ఒక అక్షరం తప్పుందంటే కూర్చుని సరిచేసి మళ్లీ ఇచ్చింది. ఆయన వెళ్లాక మొహం కడుక్కుని వచ్చి, "ఆ సంచీలో ఏంటండీ?" అంది.

శర్వాణి సీడీ తీసింది. "ఇది వేసుకుంటే ఇంకెవరూ నిన్నలా పట్టుకోలేరు."

"ఏం చేస్తుంది?"

"నువ్వెంత వడిగా కొట్టినా, ఎక్కడాగినా, ఆ అక్షరాలు కంప్యూటరుకి నేరుగా పోవు. ఇది మధ్యలో పట్టుకుంటుంది. చెక్‌పోస్టు దగ్గర లారీలన్నీ ఆపి, తన ఇష్టమొచ్చిన వరసలో ఒక్కొక్కటే వదిలినట్టు వదుల్తుంది. అవతల కొలిచేవాడికి నీ నడక కనపడదు, దీని నడకే కనపడుతుంది."

సౌజన్య నమ్మినట్టు చూడలేదు. దాంతో శర్వాణి పక్క కంప్యూటర్లో సీడీ పెట్టింది. అందులో రెండూ ఉన్నాయి, పట్టుకునేదీ, దాచేదీ. ముందు పట్టుకునేదాన్ని తెరిచి, "ఏదైనా కొట్టు," అంది. సౌజన్య తన ఊరిపేరూ, తండ్రి పేరూ, తోటలో చెట్ల సంగతీ ఏదో కొట్టింది. నాలుగో వాక్యం పూర్తి కాకుండానే తెర మీద ఆమె పేరు పడింది. ఇంటిపేరుతో సహా.

సౌజన్య ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది, కీబోర్డు కాలినట్టు.

"ఇప్పుడు ఇది," అని శర్వాణి రెండోదాన్ని నడిపించింది. "మళ్లీ అవే కొట్టు."

అక్షరాలు కొంచెం వెనకబడి, నింపాదిగా పడసాగాయి. పేరు పడవలసిన చోట 'తెలియదు' అని వచ్చింది. సౌజన్య ఇంకో రెండు వాక్యాలు కొట్టింది. తెలియదు. వడిగా కొట్టి చూసింది. తెలియదు.

"ఇది అప్పుడుంటే?"

"అప్పుడుంటే నువ్వు దొరికేదానివి కాదు."

"రెండూ రాసింది మీరేగా మేడమ్. ముందు ఇది ఎందుకు రాయలేదు?"

కోపంగా అడగలేదు. క్లాసులో డౌటు అడిగినట్టు అడిగింది. శర్వాణి దగ్గర జవాబు లేకపోలేదు. పట్టుకునేది రాసినప్పుడు శాలువా కప్పారు. చేతిలో జ్ఞాపిక పెట్టి ఫొటో తీశారు. దాచేది రాయమని ఎవరూ అడగలేదు. దాచుకోవలసినంత పని మంచివాళ్లకేం ఉంటుందిలే అని తనే ఎన్నోసార్లు క్లాసులో అంది. ఆ మాట గుర్తొచ్చి ఆమె తల వంచుకుంది.

"తప్పయిపోయింది," అంది. అంతకు మించి ఏమన్నా చెబితే సాకులా ఉంటుందనిపించింది. తెర వైపు చూపించి, "ఒక్క సంగతి చెప్పాలి. ఇది వేళ్లని దాస్తుంది గానీ, మాట తీరుని దాచలేదు. మళ్లీ ఎప్పుడన్నా ఏదన్నా రాస్తే, నీ మాటలా లేకుండా చూసుకో. ఎరిగినవాళ్లు మాటని బట్టే పోల్చేస్తారు," అంది.

సౌజన్య విచిత్రంగా నవ్వింది. "ఆ మాటలు నావి కాదు మేడమ్."

"అంటే?"

"కొట్టింది నేను. చెప్పింది వేరేవాళ్లు. మీరు ఎన్నిసార్లు చదివారు దాన్ని?"

"చాలాసార్లు."

"చదివారా? కొలిచారా?"

వెబ్‌సైటువాళ్లు ఆ రాతని ఎప్పుడో తీసేశారు. సౌజన్యకి మాత్రం కంఠతా వచ్చు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కొట్టిందో, అలాగే ఆపి ఆపి ఒప్పజెప్పింది.

"ఆదివారం పొద్దున లేచేసరికి పిల్ల కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. వ్యాను పంపమని ఫోను చేస్తే, రేపు కాలేజీ చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారు, ఇవాళ గేటు ముందు హడావుడి వద్దు, సాయంత్రం దాకా ఓపిక పట్టమన్నారు. మేం ఓపిక పట్టాం. ప్రాణం పట్టలేదు. ఆస్పత్రికి తీసుకెళుతుంటే మైలవరం చేరకుండానే పోయింది. కన్నతల్లికి మర్నాడు చెప్పారు, అదీ ఇంటి జబ్బేనని చెప్పారు. ఆలస్యపు కబురు అబద్ధంతో సమానం."

ఆ ఆఖరి మాట శర్వాణికి కొత్త కాదు.

ఆమె తండ్రి గుంటూరు ఆస్పత్రిలో పోయినప్పుడు ఆఫీసువాళ్లు ఒక పూట ఆలస్యంగా మనిషిని పంపారు. వచ్చినవాడు సీరియస్‌గా ఉందన్నాడు. కమలాంబ వాడి మొహం చూసి, "ఆలస్యపు కబురు అబద్ధంతో సమానం నాయనా, నిజం చెప్పు," అంది. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఒక సామెతై కూర్చుంది. పాలవాడు ఆలస్యంగా వచ్చి కారణం చెప్పినా అదే మాట, కూతురు ఫలితాలు ఆలస్యంగా వచ్చినా అదే మాట. లోకంలో ఇంకెవరి నోటా ఆ మాట రాదు. దాన్ని శర్వాణి ఎన్నిసార్లో తెర మీద చూసింది. ఏ అక్షరానికీ ఏ అక్షరానికీ మధ్య ఎంత ఎడం ఉందో చూసింది. మాటని చూడలేదు.

"మా అమ్మా?"

సౌజన్య తలూపింది.

"జ్ఞానమణిని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది వార్డెనమ్మ గారేగా మేడమ్. అది పోయాక ఆవిడకి అన్నం సయించేది కాదు. ఎవరికైనా చెప్పాలే, చెప్పకపోతే ఈ పాపం నన్ను తింటుందే అనేవారు. నేను టైపు చేస్తానన్నాను. సాయంత్రాలు నా పక్కన కూర్చుని చెబుతుంటే బట్టీ పట్టాను. ఒక్క ముక్క మార్చలేదు. మార్చబుద్ధి కాలేదు."

"నిన్ను పంపేస్తుంటే చూస్తూ ఊరుకుందా?"

"ఆవిణ్ణి ఏమీ అనకండి." సౌజన్య గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఆఫీసు గదికి బయల్దేరారు, నేనే రాయించానని ఒప్పుకుంటానని. నేను కాళ్లు పట్టుకుని ఆపాను. నేనెలాగూ పోయాను, మీరు కూడా పోతే రేపు ఇంకో పిల్లకి జ్వరమొస్తే చూసే దిక్కెవరని అడిగాను. అప్పుడు ఆగారు."

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"మీతోనా?" అంది సౌజన్య.

కరెంటు పోయింది. ఫ్యాను తిరగడం ఆగి, గదిలో ఉక్క కమ్ముకుంది. యూపీఎస్ కీచుమంటుంటే కంప్యూటర్లు మాత్రం వెలుగుతూ ఉన్నాయి. సౌజన్య కిటికీ రెక్క తీసి, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"జ్ఞానమణి వాళ్లమ్మ అంతోనమ్మ గారు మొన్న విస్సన్నపేట నించి వచ్చారు. పిల్ల ఫొటో పెద్దది చేయించుకుందామని. నన్ను గుర్తుపట్టారు. పిల్ల ఇంటి దగ్గరే నలతగా ఉన్నట్టుంది, పండక్కి వచ్చినప్పుడు నేనే సరిగ్గా చూసుకోలేదు, మొక్కజొన్న కోతల్లో పడి పట్టించుకోలేదు అని ఒకటే ఏడుపు. వాళ్లు చెప్పిన అబద్ధాన్ని ఆవిడ తన నెత్తిన వేసుకుని మోస్తోంది మేడమ్. నేను నిజం చెప్పబోతే, నిన్ను గెంటేశారని కసితో అంటున్నావమ్మా అంది. పంపేసిన పిల్ల మాట ఎవరు నమ్ముతారు? మీరు రాయండి. లెక్చరరు రాస్తే నమ్ముతారు. పేరు పెట్టి రాయండి."

శర్వాణి కుర్చీ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తన పేరుతోనే రాసేటప్పుడు ముసుగెందుకని దాచే ప్రోగ్రాం ఆపేసింది. రాసింది. 'నేను శర్వాణి, ఈ కాలేజీ లెక్చరరుని. సౌజన్య తప్పు లేదు. ఆమెని దొంగచాటుగా కనిపెట్టి పట్టిచ్చింది నేను. ఆమె రాసిందంతా నిజం. ఆదివారం పొద్దున వ్యాను కోసం ఫోను చేసింది, ఈ సంగతి రాయించింది హాస్టలు వార్డెను కమలాంబ, మా అమ్మ.'

అక్కడ వేళ్లు ఆగిపోయాయి.

ఆ పిల్లని అడక్కుండా పేరు చెప్పి ఇంత చేశాను, మళ్లీ అమ్మని అడక్కుండా ఆమె పేరు పెట్టనా అనుకుంది. అది నిజమైన ఆలోచనే. అయితే దాని వెనకే ఇంకో ఆలోచన నక్కి ఉంది. రేపు ఇద్దరి ఉద్యోగాలూ పోతే, హాస్టలు వెనక తామిద్దరూ ఉంటున్న రెండు గదులూ ఖాళీ చెయ్యాలి. ఈ రెండిట్లో ఏది తన చేతిని ఆపిందో ఆమెకే తెలియలేదు. వెనక నించి ఒక్కొక్క అక్షరమే తుడుచుకుంటూ వచ్చింది. చివరికి తెర మీద ఏమీ మిగల్లేదు.

సౌజన్య చూస్తూనే ఉంది.

"అమ్మని అడిగి, రేపు వచ్చి రాస్తాను," అంది శర్వాణి.

"వెళ్లి రండి మేడమ్." ఆ పిల్ల సీడీ తీసి కవర్లో పెట్టింది. శర్వాణి తీసుకోబోతే ఇవ్వలేదు. "ఇది ఉంచుకుంటాను. నాకు కాదు, ఇక్కడికొచ్చే పిల్లలకి పనికొస్తుంది."

మెట్లు దిగుతుంటే పైన మళ్లీ టైపు చప్పుడు మొదలైంది. ఈసారి గట్టిగా లేదు.

హాస్టలు చేరేసరికి పిల్లలు గ్రౌండులో ఆడుకుంటున్నారు. కమలాంబ వంటగది వెనక వరండాలో గుండిగ ముందు కూర్చుని ఉంది. జ్ఞానమణి పోయినప్పటి నించీ పిల్లలు తాగే నీళ్లు తనే దగ్గరుండి కాయిస్తోంది. ఆ పని వంటవాళ్లకి అప్పగించదు. కూతురి మొహం చూడగానే గరిటె పక్కన పెట్టింది.

"సౌజన్య దగ్గరికి వెళ్లావా?"

"నీకెలా తెలుసు?"

"నీ మొహమే చెబుతోంది. ఇంకా నయం, మొహాలు చదవడానికి మిషన్లు రాలేదు."

శర్వాణి తల్లి పక్కన కింద కూర్చుంది. ఏదో అందామనుకుంది గానీ, ముందు ఏడుపొచ్చింది. కమలాంబ ఊరుకోబెట్టలేదు. తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ల వంక చూస్తూ కూర్చుంది.

"పేరు చెప్పింది నేనేనని నీకు అప్పుడే తెలుసా అమ్మా?"

"తెలుసు. ఆ గిరిబాబే చెప్పాడు, మీ అమ్మాయి తెలివే తెలివండీ అని. ఇంటికొచ్చాక నువ్వే చెబుతావని చూశాను. అన్నం వడ్డిస్తూ చూసేదాన్ని, ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని. నువ్వేమో పప్పులో ఉప్పు చాల్లేదనేదానివి."

"నువ్వయినా అడగాల్సింది."

"ఏ మొహం పెట్టుకుని అడగను?" కమలాంబ గేటు వైపు చూపించింది. "ఆదివారం ఈ గేటు బయట ఆటోలు వరసగా ఆగి ఉన్నాయే. చెయ్యెత్తితే చాలు. ఎత్తలేదు. గిరిబాబు వద్దన్నాడు, కాదంటే ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది అనుకున్నాను. పిల్ల ఒళ్లో సోలిపోతుంటే, వార్డెనమ్మా, మా అమ్మకి ఫోన్ చెయ్యవా అంది. సాయంత్రం చేద్దాంలే తల్లీ అన్నాను. నేను ఆటో పిలవలేదు, నువ్వు నోరు ఆపుకోలేదు. ఇద్దరం ఒకే భయం కూడు తిన్నాం. ఎవరినెవరు అడుగుతాం?"

నీళ్లు మరుగు పట్టాయి. కమలాంబ లేచి మంట తగ్గించింది. తిరిగి కూర్చున్నాక, ఎప్పుడో నిశ్చయించుకున్న మాట చెబుతున్నట్టు నిదానంగా అంది.

"పొద్దున్నే మొదటి బస్సుకి విస్సన్నపేట వెళదాం. అంతోనమ్మ ముందు కూర్చుని నా నోటితో నేనే చెబుతాను. తిడితే పడతాను, కొడితే పడతాను. ఆ తల్లి తప్పేం లేదని ఆవిడకి తెలియాలి. అది చెప్పి వచ్చాక ఆ గిరిబాబు దగ్గరికీ వెళదాం. తర్వాత నువ్వేం రాసుకుంటావో రాసుకో, నా పేరు పెట్టుకో. ఆవిడ మాత్రం ఆ సంగతి ఎవరో రాస్తే తెలుసుకోకూడదే. నేను చెబితేనే వినాలి."

శర్వాణి తల్లి చెయ్యి పట్టుకుంది. నీళ్ల ఆవిరికి ఆ చెయ్యి చెమర్చి, వెచ్చగా ఉంది. ఎన్నాళ్లకో గుండెల్లోకి కాస్త గాలి వచ్చినట్టయింది. జరిగినదేదీ వెనక్కి రాదు. అయినా రేపు ఒక్క మనిషి నెత్తి మీది బరువైనా దించవచ్చు అనుకుంది.

సంచీలో సెల్‌ఫోను మోగింది. గిరిబాబు.

"మేడమ్, భోజనాల వేళ కాలేదుగా? డిస్టర్బ్ చేస్తున్నానా?" ఎప్పటిలాగే తేనె చిందుతున్న గొంతు. "మీ ప్రోగ్రాం బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. మీకు చెప్పలేదు కదూ, ఊళ్లో నెట్ సెంటర్లకీ, డీటీపీ షాపులకీ కూడా పెట్టించాను. వైరస్ రాకుండా మా కాలేజీ తరఫున ఫ్రీగా చేసిస్తామంటే వద్దనేవాడెవడండీ? మనవాడొకడు అందులో చిన్న మార్పు చేశాడు. ఎడం కొలిచేశాక అక్షరాల్ని మీరు పారేసేవారట కదా. వాడు పారెయ్యకుండా దాచి మనకి పంపుతున్నాడు."

శర్వాణి చేతిలో తల్లి చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడే వచ్చింది ఒకటి, బస్టాండు దగ్గర్నించి. చదువుతాను వినండి." గిరిబాబు పిల్లవాడు పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటే విడదీసి చదవడం మొదలుపెట్టాడు. "నేను శర్వాణి. ఈ కాలేజీ లెక్చరరుని. సౌజన్య తప్పు లేదు…"

చివరిదాకా చదివాడు. కమలాంబ పేరు దగ్గర కాస్త ఆగి, రెండుసార్లు చదివాడు.

"రాసి తుడిచేశారేం మేడమ్?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "సరే, మీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అమ్మగారు పక్కనే ఉన్నారా? ఒకసారి ఫోనివ్వండి."

"ఎవరే?" అంది కమలాంబ. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోను కోసం చెయ్యి చాచింది.